కారు రంగుపై సాలెగూటి గీతలు

కొత్తగా కొన్న నల్లని కారును రెండేండ్లు గడచిన పిమ్మట మధ్యాహ్నపు టెండలో నిలిపి చూచినచో, దాని బానెట్టుపై సూర్యుని ప్రతిబింబము చుట్టును సన్నని వెండితీగలతో అల్లినట్లు వలయములు వలయములుగా గీతలు కనబడును. నీడలో నిలిపినపుడు అదే కారు నిగనిగలాడుచునే యుండును. పనివారు వీనిని స్విర్ల్ మార్కులందురు. సాలెగూటి గీతలనుట మనకు సుబోధము. “రంగు మాసినది, ఒక పాలిషు చేయించిన సరిపోవును” అని యజమాని తలచును. దుకాణదారు అట్లే చేసి, కొన్నివేల రూపాయలు పుచ్చుకొని, అద్దమువలె మెరయు కారును చేతికిచ్చును. కొన్ని నెలలకు గీతలు మరల ప్రత్యక్షమగును. మరల పాలిషు. ఇట్లు ఏటేట సాగు ఈ వ్యవహారములో డబ్బు మాత్రమే గాక, తిరిగి రాని మరియొక వస్తువు కూడ కొంచెము కొంచెముగా కరగిపోవుచున్నది. అది యెట్టిదో తెలియుటకు రంగు పొరల నిర్మాణమును కొంత తెలిసికొనవలెను.

కారు రంగు ఒకే పూత కాదు. ఉక్కు రేకును మొదట ఫాస్ఫేటు ద్రావణముతో శుద్ధిచేసి, పిమ్మట పెద్ద తొట్టిలో ముంచి, విద్యుత్ప్రవాహ సహాయమున తుప్పును నిరోధించు పూత నొకదానిని పట్టింతురు. దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికిని పైన వర్ణములేని పారదర్శకమైన పూత. ఈ కడపటి దానినే క్లియర్ కోటు అందురు. కర్మాగారమునుండి వచ్చిన కారుపై ఈ పొరలన్నియు కలిసి సామాన్యముగా 100 మొదలు 150 మైక్రానుల మందముండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. అందు క్లియర్ కోటు వాటా ఇంచుమించు 35 మొదలు 50 మైక్రానులు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులుండును. అనగా లక్షల రూపాయలు పోసి కొన్న కారు నిగారింపంతయు వెండ్రుకకంటె పలుచని ఒక పొరలోనే ఉన్నది. ఎండలోని అతినీలలోహిత కిరణములు క్రింది రంగును వెలవెల పోగొట్టకుండ కాపాడు ద్రవ్యములును ఈ పొరలోనే కలవు.

పూర్వపు కార్లకు ఈ పారదర్శక పూత లేదు. రంగే పై పొర. 2014లో తయారు నిలిచిపోయిన అంబాసిడరు కార్లలో పాతవానిని ఎరిగిన పెద్దలకు జ్ఞప్తి యుండును: పాలిషు పెట్టి రుద్దిన గుడ్డకు కారు రంగు అంటుకొనెడిది. రుద్దుటవలన రంగు అరుగుచున్నదని గుడ్డయే సాక్ష్యము చెప్పెడిది. 1980ల తరువాత క్రమముగా క్లియర్ కోటు వాడుకలోనికి వచ్చెను. ఇపుడు ఎంత రుద్దినను గుడ్డకు రంగంటదు. కాబట్టి ఏమియు అరుగుట లేదని యజమాని నిశ్చింతగా నుండును. అరుగుచున్నది వర్ణములేనిది గనుక కంటికి కనబడుట లేదు, అంతియే.

ఇక ఆ గీతలు గుండ్రముగా ఏల కనబడును? గుండ్రముగా తుడిచినందుననే యని పెక్కురి నమ్మకము. దాని నిజానిజములు తేల్చు సాధనము మన వంటయింటిలోనే కలదు. పీచుతో చాలకాలము తోమిన స్టీలు పళ్ళెము నొకదానిని దీపము క్రింద ఉంచి చూడుడు. దీపపు ప్రతిబింబము చుట్టును అవే వలయములు కనబడును. పళ్ళెమును కదల్పక దీపమును ప్రక్కకు జరిపినచో, వలయములును దీపముతోపాటు జరుగును. గీతలు నడువలేవు గదా! జరిగినదేమన, పళ్ళెముపై అన్ని దిక్కులకును పోవు గీతలు వేలకొలది కలవు. ప్రతి గీతయు ఒక సన్నని కాలువవంటిది. దాని గోడలు తమకు అడ్డముగా వచ్చు వెలుగును మన కంటివైపు మరల్చును, తమ వెంబడి సాగు వెలుగును మరల్పవు. ప్రతిబింబమునకు అడ్డముగా నున్న గీతలు వెలుగుచున్నవి, ప్రతిబింబమువైపు తిన్నగా పోవు గీతలు మరుగుపడుచున్నవి. వెలిగిన తునకలన్నియు కలిసి కంటికి వలయములుగా తోచుచున్నవి. మన విద్యార్థులు ఈ ప్రయోగమును ఇంట చేసి చూడవచ్చును. ఖర్చు లేదు, పళ్ళెమునకు నష్టమును లేదు.

దీనినిబట్టి పెద్దలు గ్రహింపదగినదియు కలదు. దుకాణములోని పొడవాటి ట్యూబులైట్ల క్రింద కారును చూచి తృప్తిపడరాదు. అట్టి విరివియైన వెలుగులో గీతలు దాగును. ఎండలోనో, చిన్న టార్చి వెలుగులోనో చూచి డబ్బు చెల్లింపవలెను. నల్లని కార్లకే గీతలు ఎక్కువ పడుననుట కూడ భ్రమయే. తెల్లని కారుకును అన్నియే పడును. తెలుపుపై తెల్లని మెరుపు తెలియదు గాని నలుపుపై స్పష్టముగా తెలియును.

గీతలకు కారణము దుమ్ము, అంతకంటె ముఖ్యముగా ఆ దుమ్మును మనము తుడుచు పద్ధతి. వీథి దుమ్ములో ఇసుక రేణువులు, అనగా క్వార్ట్జు, తప్పక యుండును. 1812లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్రిక్ మోస్ ఏర్పరచిన ఖనిజముల కాఠిన్య క్రమములో టాల్కు 1, వజ్రము 10. క్వార్ట్జు 7. అది గాజునే గీయగలదు. క్లియర్ కోటు గాజుకంటెను ఎంతయో మెత్తనిది. ఆ దుమ్ముపై పొడి గుడ్డ పెట్టి ఒత్తి తుడిచితిమేని, కారుకు ఉప్పుకాగితము పట్టించినట్లే. గుడ్డ మెత్తనిదే, దానికిని రంగునకును నడుమ చిక్కుకొన్న రేణువు మాత్రము మెత్తనిది కాదు.

నగరములలోని మన అపార్టుమెంట్లలో నిత్యము జరుగు పనిని గమనింపుడు. వేకువనే ఒకాయన వచ్చి ఒక బకెట్టు నీటితో, ఒక గుడ్డతో పది పదునైదు కార్లు తుడిచి పోవును. మొదటి కారు దుమ్ము రెండవదానికి, ఆ రెండింటిదియు మూడవదానికి సంక్రమించును. పదవ కారు వంతు వచ్చునప్పటికి బకెట్టులో నున్నది నీరు కాదు, పలుచని బురద. ఏడాదికి మూడువందల దినములు ఈ పూజ జరిగిన కారు ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ పనివానిని నిందించుట న్యాయము కాదు. నెలకు మనమిచ్చు స్వల్ప వేతనమునకు అతడు చేయగలిగినది అంతియే. ప్రతిదినము తుడువవలదని, వారమునకు రెండుమారులు నీరు పోసి కడుగుమని చెప్పి, అదే వేతనమిచ్చి, కారుకు వేరుగా రెండు బకెట్లును నాలుగు మైక్రోఫైబరు గుడ్డలును కొనియిచ్చుట మేలు. ఆ నాలుగు గుడ్డల వెల ఒక పాలిషు వెలలో ఎన్నవ వంతు?

దుమ్ము దులుపు ఈకల కుంచెలు, తిన్నగా తొడుగని కారు కవర్లు కూడ ఈ కోవలోనివే. దుమ్ముపట్టిన కారుపై కవరు కప్పిన, గాలికి అది రేయింబవళ్ళు రాచుచునే యుండును. మన పిల్లలు దుమ్ముపట్టిన కార్లపై వ్రేలితో తమ పేర్లు వ్రాయుట కూడ చూచుచున్నాము. ఇతర భాషా ప్రాంతమున నుండి వారు తెలుగులో వ్రాసినందులకు సంతోషింపవలసినదే. అయినను ఆ అక్షరములు కడిగిన పిమ్మట కూడ ఎండలో చదువుకొన వీలగునట్లు నిలిచియుండును. పలకకో కాగితమునకో వారిని మరల్చుడు.

కన్నడ, తమిళ ప్రాంతములలో స్థిరపడిన మనము ఆయుధపూజ దినమున వాహనములకు పసుపు, కుంకుమ, గంధము, విభూతి అలదుట కలదు. ఆ ఆచారమును మానవలెనని కాదు. కుంకుమలోని రంగు ఎండకు ఆరి తెల్లని కారుపై మరక నిలుపుటయు, ఆరిన విభూతిని మరునాడు పొడిగుడ్డతో రుద్ది తీయుటయు మాత్రము హానికరములు. బొట్లను ముందు అద్దముపై పెట్టినచో ఈ చిక్కు లేదు. గాజు రంగువలె మరక పట్టదు. రంగుపైననే పెట్టవలెనన్నచో, ఆ సాయంకాలమే ధారాళముగా నీరు పోసి నానబెట్టి కడిగివేయవలెను. కాకి రెట్టకును ఇదే విధి. అందలి ఆమ్లము ఎండవేడిమికి కొలది గంటలలోనే పూతను తినివేసి గుంట చేయును. అది కడిగినను పోని మచ్చ.

కడుగు పద్ధతిలో పెద్ద రహస్యములు లేవు, ఓపిక కావలెను. కారు నీడలో నుండవలెను, రేకు చల్లబడి యుండవలెను. ముందుగా చేయి తగిలింపక నీటిధారతోనే దుమ్మును వీలైనంతవరకు పోనీయవలెను. పిమ్మట ఒక బకెట్టులో కార్ల కొరకు అమ్ము షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో మంచినీరు ఉంచుకొనవలెను. షాంపూ నీటిలో తడిపిన చేతితొడుగుతో ఒక భాగము కడిగి, ఆ తొడుగును మంచినీటిలో జాడించి, అప్పుడే మరల షాంపూలో ముంచవలెను. దుమ్మంతయు రెండవ బకెట్టు అడుగున చేరును, కారుపైకి తిరిగి రాదు. పైకప్పుతో మొదలిడి క్రిందికి రావలెను. చక్రములకు గుడ్డ వేరు, బకెట్టు వేరు. బ్రేకులనుండి రాలిన ఇనుప పొడి అక్కడ పేరుకొని యుండును. బట్టల సబ్బు పొడి, గిన్నెలు తోము ద్రవము పనికిరావు. అవి రక్షణకై పూసిన మైనమును కూడ ఊడ్చుకొని పోవును. తుడుచునపుడు గుండ్రముగా గాక తిన్నగా తుడుచుట మంచిది. గీత పడినను ఒకే దిక్కున పడును గావున ఒక్క కోణమునుండి మాత్రమే కనబడును. నేలపై పడిన గుడ్డను ఎంత దులిపినను మరల కారుకు తాకింపరాదు. ఈ యొక్క నియమమును పాటించువారు అరుదు.

బోరునీటి సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. బెంగుళూరు, చెన్నపట్టణము మొదలగు చోట్ల అనేక గృహములలో వాడు బోరునీటిలో సున్నపు లవణము లెక్కువ. ఆ నీరు కారుపై ఎండిన తెల్లని చుక్కలు మిగులును, దినములు గడచిన అవి పూతలోనికి దిగును. కడిగిన వెంటనే ఆరిన గుడ్డతో అద్ది తడి తీయవలెను. నీటి యెద్దడి గల నగరములలో ఇన్ని బకెట్ల నీరు ధర్మమా యను ప్రశ్నయు కలదు. 2024 మార్చిలో బెంగుళూరు జలమండలి త్రాగునీటితో వాహనములు కడుగుటను నిషేధించి 5,000 రూపాయల జరిమానా ప్రకటించెను. అట్టి కాలమున కారును దుమ్ముతోనే విడిచిపెట్టుట ఉత్తమము. నిలిచిన దుమ్మువలన గీత పడదు, పొడిగుడ్డతో రుద్దిన దుమ్మువలననే పడును. తప్పనిసరి యగుచో, జాడింపు అవసరములేని ద్రవములు విపణిలో దొరకుచున్నవి. ఒక బకెట్టులో కొంచెము కలిపి, చాల గుడ్డలు వాడి, ఒక్కొక్క గుడ్డ ముఖమును ఒక్కమారే ఉపయోగించిన అవి చక్కగా పనిచేయును. కాని బురద పట్టిన కారుకు అవి తగవు.

ఇప్పటికే పడిన గీతలను పోగొట్టుట ఎట్లన్నది తరువాతి ప్రశ్న. ఇచట ‘పోగొట్టుట’ యను మాటయే మనలను మోసపుచ్చుచున్నది. వడ్రంగి గీతపడిన బల్లను చిత్రిక పట్టునపుడు గీతను తీసివేయుట లేదు. గీత అడుగుభాగము వరకు చుట్టునున్న చెక్కను తగ్గించుచున్నాడు. పాలిషు చేయువాడును అంతియే. అల్యూమినియం ఆక్సైడు వంటి సన్నని రాపిడి పొడి కలిసిన ముద్దను స్పాంజి బిళ్ళపై ఉంచి, యంత్రముతో త్రిప్పి, క్లియర్ కోటును గీత లోతు వరకు అరగదీయును. మారునకు మూడు మైక్రానులు పోవుననుకొన్నను, ఐదు మారులకు పదునైదు. నలుబది మైక్రానులున్న పొరలో ఇది అల్పము కాదు. పొర మరీ పలుచనైన పిమ్మట ఎండ తన పని తాను చేయును. మొదట రంగు మసకబారును, తరువాత తెల్లని పొక్కులు కట్టి ఉల్లిపొరవలె లేచును. అపుడు పాలిషుతో పనిలేదు, మరల రంగు వేయింపవలసినదే. కర్మాగారములో ఈ పూతను ఇంచుమించు 140 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాల్చి గట్టిపరతురు. మరమ్మతు షెడ్డులో తీగలు, ప్లాస్టికు భాగములు అమర్చియున్న కారును 60 డిగ్రీల ప్రాంతమునకు మించి వేడిచేయ వీలులేదు. మొదటి పూతను జాగ్రత్తపెట్టవలెననుటకు ఇదియు ఒక హేతువు.

అందుచేత మంచి పనివాడు యంత్రమును వెంటనే చేతబట్టడు. ముందు కారును కడుగును. చేతితో తడిమి గరుకుతనము తెలిసినచో, ఒక విధమైన మెత్తని బంకమన్నువంటి పదార్థమును సబ్బునీటితో జారవిడిచి, రంగునకు అంటుకొనియున్న ఇనుప రజమును, తారును తీయును. పిదప పూత మందమును కొలుచు చిన్న యంత్రమును ఉక్కు రేకుపై అక్కడక్కడ ఆనించి అంకెలు చూచును. 110 ఉన్న కారులో ఒక తలుపుపై 250 చూపినచో అది మరల రంగు వేసిన తలుపు. 80 మాత్రమే చూపినచో అది ఇదివరకే అరిగిన చోటు, దానిని తాకరాదు. సామాన్యముగా దొరకు ఈ యంత్రము ప్లాస్టికు బంపర్లపై పనిచేయదు. మడతలపైనను అంచులపైనను పూత స్వభావముచేతనే పలుచన, కాబట్టి వానికి కాగితపు టేపు అంటించి కాపాడును. అటుపిమ్మట బానెట్టుపై అడుగు మేర స్థలములో మిక్కిలి మృదువైన బిళ్ళను, మిక్కిలి సన్నని ముద్దను ప్రయోగించి చూచును. అది చాలినచో అంతకంటె గరుకైనదానిని ముట్టడు. మొదటనే గరుకు ముద్దతో ఆరంభించువాని చేతికి కారు నీయకుండుటయే మేలు.

యంత్రములు ముఖ్యముగా రెండు తెరగులు. ఒకటి ఒకే ఇరుసుపై గిరగిర తిరుగునది, రెండవది తిరుగుచునే అటునిటు ఊగునది. మొదటిది చురుకైనది, అనుభవశాలి చేతిలో అద్భుతము. అనుభవములేని చేతిలో ఒకే చోట వేడిమి పెంచి పూతను కాల్చును. లేదా ఎండలో వింత నీడలవలె మెలికలు తిరుగు మరికలను మిగుల్చును, వానిని హోలోగ్రాములందురు. రెండవది నిదానమైనది, తప్పులను చాలవరకు క్షమించును. ఇంటివద్ద స్వయముగా నేర్వదలచిన వారికి అదియే తగినది. అదియు ముందుగా పాత ఇనుప సామానుల దుకాణమునుండి తెచ్చిన బానెట్టు ముక్కపై అభ్యసించిన పిమ్మటనే.

చౌకగా ఒక గంటలో ముగించు పాలిషులలో మరియొక కిటుకు కలదు. నూనెలు, మైనములు గల ముద్దను గీతలలో నింపి మెరయునట్లు చేయుదురు. గీత ఎక్కడికిని పోలేదు, కొన్ని కడుగుళ్ళకు నింపినది కరగి పైకి తేలును. మొదట చెప్పిన ‘కొన్ని నెలలకు ప్రత్యక్షమగుట’ పెక్కు సందర్భములలో ఇదియే. ఇందులో క్లియర్ కోటునకు నష్టము తక్కువ గావున, ఒక విధమున అమాయకమైన మోసము! దీనిని కనిపెట్టుటకు మార్గము సులభము. పని ముగిసిన పిదప ఒక చోట నీరు కలిపిన ఐసోప్రొపైలు ఆల్కహాలుతో తుడువుమని కోరవలెను. నింపుడు ముద్ద యున్నచో ఊడి గీతలు బయటపడును. అందులకు అంగీకరింపని దుకాణమును అర్థము చేసికొనుట కష్టము కాదు.

సిరామికు పూత గురించి తల్లిదండ్రులు తరచు విచారించుచున్నారు. సిలికా ఆధారమైన ఈ పూత నీటిని, మురికిని అంటనీయకుండుటలో మైనముకంటె చాలకాలము పనిచేయుననుట నిజము. కడుగుట సులువగును. కాని “9హెచ్ కాఠిన్యము, గీతలు పడవు” అను ప్రకటన పాఠకుని తప్పుదారి పట్టించును. ఇది మోసు క్రమములోని 9 కాదు. అచ్చట 9 కురువిందము, కెంపు నీలముల జాతి. ఈ 9హెచ్ మన పిల్లల డ్రాయింగు పెట్టెలోని పెన్సిళ్ళ లెక్క: 2బి, హెచ్‌బి, 2హెచ్ మొదలగు వరుసలో గట్టిదైన పెన్సిలు. ఆ పెన్సిలుతో గీసిన గీత పడదనుటయే దాని అర్థము. ఇసుక రేణువు ఆ పెన్సిలుకంటె గట్టిది. కావున పూత వేయించిన కారును కూడ పైని చెప్పిన రీతినే కడుగవలెను. గీతలున్న కారుపై వేసినచో ఆ గీతలు పూత క్రింద భద్రముగా నిలిచియుండును.

కడపట లోతైన గీతల మాట. సైకిలు హ్యాండిలో, గేటు గొళ్ళెమో తగిలి పడిన గీతపై వ్రేలి గోరును అడ్డముగా నడిపి చూడుడు. గోరు తట్టుకొన్నచో అది పాలిషుతో పోవునది కాదు. దానికొరకు తలుపంతయు అరగదీయించుట వ్యర్థము. గీతపై నీరు చల్లినపుడు అది అదృశ్యమైనచో క్లియర్ కోటులోనే యున్నది, ప్రయత్నింపవచ్చును. తడిపినను తెల్లగానో బూడిద రంగుగానో కనబడినచో రంగును దాటి ప్రైమరును చేరినది. అట్టిదానికి తలుపు చట్రముపైనో ఇంజను గదిలోనో అంటించిన చీటీపై నున్న రంగు సంకేతమును చూచి, అదే రంగు చిన్న సీసాను తెప్పించుకొని, సన్నని కుంచెతో గీతలో మాత్రమే రెండు మూడు పలుచని పూతలుగా, ఒకటి ఆరిన పిదప ఒకటిగా నింపవలెను. దగ్గరకు పోయి చూచువారికి అది కనబడును, కాని లోపలి రేకు తుప్పు పట్టదు. సముద్రతీర పట్టణములలో నున్నవారు ఈ పనిని వానకాలమునకు ముందే ముగించుకొనవలెను.